ఆకు తిప్పి చూశారా?

ఇంటి కూరగాయల తోట గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాల కట్ట విప్పితే ఎక్కువమంది అడిగినవి మూడే: ఏం కొనాలి, ఏం వేయాలి, ఏం చల్లాలి. కొత్తగా చదువుతున్నవాళ్లకి ఒక మాట. నేను బోటనీ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇంటి వెనక కాస్త నేల, పైన డాబా, కొంగున ముడేసుకున్న భూతద్దం, ఇదీ నా సరంజామా. నా జవాబుల్లో "వద్దు", "ఆగండి" అనేవి కాస్త ఎక్కువే ఉంటాయి. అలవాటు చేసుకోండి.

ప్రశ్న: టీచర్ గారూ, డాబా మీద కూరగాయలు పెంచుదామని లిస్టు రాసుకున్నాను. గ్రో బ్యాగులు, ఇనుప స్టాండ్లు, కోకోపీట్ ఇటుకలు, షేడ్ నెట్, నాలుగు రకాల ఎరువులు. పర్యావరణానికి మంచిదని కూడా ఈ పని మొదలుపెడుతున్నాను. ఇంకేమైనా మరిచిపోయానా?

జవాబు: మరిచిపోయారు, ఎండని. డబ్బిస్తే వచ్చేది కాదు కాబట్టి అది ఎవరి లిస్టులోనూ ఉండదు. పర్సు తీసేముందు ఒక సెలవు రోజు సుద్దముక్క పట్టుకుని డాబా ఎక్కండి. పొద్దున్నుంచి గంటకోసారి వెళ్లి నీడ అంచు ఎక్కడిదాకా వచ్చిందో గీత గీసి, పక్కన టైం రాయండి. పొద్దుగూకేసరికి ఏ మూల ఎన్ని గంటలు ఎండ పడుతుందో తెలిసిపోతుంది. నేరుగా 6 గంటలు, ఇంకా పైన పడే చోటు టమాటా, వంగ, బెండ, మిరప, తీగలకి. 3, 4 గంటలే పడితే ఆకుకూరలు, పుదీనా. అదీ లేని మూల కంపోస్టు డబ్బాకి. కాలం మారితే నీడా జరుగుతుంది, కాబట్టి ఏడాదిలో ఇంకోసారి గీసుకుంటే మంచిది.

ఇక పర్యావరణం సంగతి. 2024లో 'నేచర్ సిటీస్' పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. అమెరికాలోనూ, ఫ్రాన్స్, జర్మనీ, పోలండ్, బ్రిటన్‌లలోనూ పట్టణాల్లో ఉన్న 73 తోటల లెక్కలు తీశారు. సగటున ఆ తోటల్లో పండిన తిండి వల్ల వెలువడే కర్బనం మామూలు పొలాల్లో పండినదానికంటే దాదాపు 6 రెట్లు ఎక్కువని తేలింది. అందులో పెద్ద వాటా కొని కట్టిన సామానుది: మడులకి చుట్టూ కట్టే చట్రాలు, షెడ్లు వగైరా. కొన్నాళ్లు వాడి పీకేస్తే ఆ భారమంతా ఆ కాసిన నాలుగు కాయల మీదే పడుతుంది. అదే సామాన్ని ఏళ్ల తరబడి వాడితే, పారేసే చెత్తనే ఎరువు చేసుకుంటే లెక్క మారుతుందని కూడా వాళ్లే చెప్పారు. మీ లిస్టులో ఇనుప స్టాండ్లు చూడగానే నాకు ఇదే గుర్తొచ్చింది.

కాబట్టి ఇంట్లో ఉన్నదాంతో మొదలుపెట్టండి. పాత బకెట్లు, చిల్లుపడ్డ టబ్బులు పనికొస్తాయి. పెయింట్లు, మందులు, రసాయనాలు నింపిన డబ్బాలు మాత్రం వద్దు. ఆకుకూరలకి జానెడు లోతు చాలు, టమాటా, వంగలకి అడుగు లోతు కావాలి. అడుగున నాలుగైదు చిల్లులు పెట్టండి. గులకరాళ్లు పరవమని చాలామంది చెబుతారు. దానివల్ల నీళ్లు త్వరగా దిగవు, వేళ్లకి ఉన్న చోటు తగ్గుతుంది, అంతే. తోట మట్టి ఒక వంతు, బాగా మాగిన కంపోస్టు ఒక వంతు, కొబ్బరి పొట్టు (మీ లిస్టులోని కోకోపీట్ అదే) ఒక వంతు కలపండి. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది, నీళ్లలో నానబెట్టి ఒకటికి రెండుసార్లు ఆ నీళ్లు పారబోశాకే వాడండి. నాలుగు రకాల ఎరువుల్లో ఒక్కటీ ఇప్పుడు అక్కర్లేదు.

బరువు మాట కూడా మరవకండి. 20 లీటర్ల డబ్బా నిండా తడి మట్టి ఉంటే 25 కిలోల పైమాటే. అలాంటివన్నీ డాబా మధ్యలో గుంపుగా పెట్టకుండా గోడలు, దూలాలు ఉన్న వైపు పేర్చండి. పెద్ద ఎత్తున చేయాలనుకుంటే ముందు ఇంజనీరుని పిలిచి చూపించండి. ఈ ఖర్చు మాత్రం నేను వద్దనను.

ప్రశ్న: వంటింటి చెత్త డబ్బాలో వేసి మూత పెడుతున్నాను. భరించలేని కంపు, తెల్ల పురుగులు. ఇంట్లోవాళ్లు డబ్బా బయట పారేయమంటున్నారు. కంపోస్టు యాక్టివేటర్ పొడి వేస్తే బాగుపడుతుందా?

జవాబు: పొడి వద్దమ్మా, ఎండుటాకులు తెచ్చుకోండి. చెత్తని మట్టిగా మార్చే సూక్ష్మజీవులకి ఒక వంతు నత్రజనికి 25, 30 వంతుల కర్బనం ఉంటే పని సాఫీగా సాగుతుంది. కూరగాయల తొక్కల్లో నత్రజని ఎక్కువ, నీళ్లు ఇంకా ఎక్కువ. ఎండుటాకుల్లో కర్బనం ఎక్కువ. తూకాలు, లెక్కలు పెట్టుకోకండి. ఒక మగ్గు తడి చెత్త వేస్తే దాని మీద రెండు మూడు మగ్గులు ఎండుటాకులు వేయండి. ఆకులు దొరక్కపోతే అట్టముక్కలు, రంపపు పొట్టు, చింపిన పాత పేపర్లు. మా ఆయన పజిల్ పూర్తిచేసిన మరుక్షణం పేపరు నా డబ్బాలోకి వెళ్తుంది. నిగనిగలాడే రంగుల కాగితం మాత్రం వేయను.

మీ ముక్కే మీకు మీటరు. కుళ్లిన గుడ్ల కంపు వస్తోందంటే లోపలికి గాలి ఆడటం లేదు. ముక్కుకి ఘాటుగా తగులుతోందంటే నత్రజని అమ్మోనియాగా మారి ఎగిరిపోతోంది, అంటే మీ ఎరువు గాల్లో కలిసిపోతోందన్నమాట. రెండింటికీ మందు ఒకటే: ఎండు సరుకు వేసి అడుగుదాకా కలియబెట్టడం. తర్వాత ఒక గుప్పెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు వస్తే తడి సరిగ్గా ఉంది. ధార కడితే ఎక్కువ, చెయ్యి తడవకపోతే తక్కువ. డబ్బాకి పక్కల చిల్లులు లేకపోతే ఇవాళే పెట్టండి.

పురుగుల గురించి అంత టెన్షన్ వద్దు. బల్లపరుపుగా, కణుపులు కణుపులుగా, పెద్దయ్యేకొద్దీ బూడిద రంగుకి తిరిగేవైతే అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు. చెత్తని మనకంటే త్వరగా తినేస్తాయి. ఆ ఈగ కుట్టదు, కరవదు, మన తిండి మీద వాలడానికి తహతహలాడదు. చిన్నగా, మెత్తగా ఉన్న పురుగులైతే మామూలు ఈగలవి. తడి చెత్త పైకి కనబడకుండా ప్రతిసారీ ఎండుటాకులు కప్పితే అవి తగ్గిపోతాయి. మాంసం, పాలు, నూనె, కుక్క పిల్లి మలం మాత్రం ఈ డబ్బాలో వేయకండి.

మాగిందో లేదో తెలియాలంటే తడి కంపోస్టు గుప్పెడు సీసాలో వేసి గట్టిగా మూతపెట్టి కొన్ని రోజులు వదిలేయండి. తీసినప్పుడు మట్టి వాసన వస్తే వాడుకోవచ్చు. పుల్లటి కంపు కొడితే ఇంకా ఉడుకుతూనే ఉంది, మొక్కకి వేస్తే వేళ్లు దెబ్బతింటాయి. చిన్న డబ్బాలో వేడి పుట్టదు కాబట్టి గింజలు చావవు. కంపోస్టు వేసిన ప్రతి కుండీలో టమాటా మొలకలు వస్తున్నాయని ఇద్దరు రాశారు, కారణం ఇదే. కలుపనుకుని పీకకండి, నారు పుణ్యానికి వచ్చింది. ఇక యాక్టివేటర్ చేసే పని, ఇలా మాగిన కంపోస్టు గుప్పెడు కొత్త డబ్బాలో వేస్తే అదే చేస్తుంది.

ప్రశ్న: సొర తీగ పందిరంతా అల్లుకుంది. పిందెలు బొటనవేలంత అయి పసుపెక్కి రాలిపోతున్నాయి. ఏం లోపం? ఏ ఎరువు వేయాలి?

జవాబు: ఎరువు లోపం కాదు, పెళ్లి లోపం. సొరకి ఒకే తీగ మీద మగపువ్వులు వేరు, ఆడపువ్వులు వేరు. మొదట్లో వచ్చేవన్నీ దాదాపు మగపువ్వులే, సన్నటి పొడుగు కాడ మీద నిలబడతాయి. ఆడపువ్వు కింద వేలెడు బుల్లి సొరకాయ ముందే ఉంటుంది. మీరు పిందె అంటున్నది దాన్నే. పుప్పొడి అందకపోతే అది పెరగదు, రాలిపోతుంది.

సొరపువ్వు తెల్లగా సాయంత్రం విచ్చుకుంటుంది. తేనెటీగలు అప్పటికి గూటికి చేరతాయి. దానికోసం వచ్చేవి చీకటిపడ్డాక తిరిగే రెక్కల పురుగులు. చుట్టూ లైట్లు, కాంక్రీటు ఉన్నచోట అవి తక్కువ. కాబట్టి ఆ పని మీరు చేయాలి. చీకటి పడే వేళ అప్పుడే విచ్చిన మగపువ్వుని కాడతో సహా తెంపండి. రేకులు వెనక్కి ఒలిచేస్తే మధ్యలో పుప్పొడి అంటుకున్న దిమ్మ కనిపిస్తుంది. వేలితో తాకితే లేత పసుపు పొడి అంటాలి. దాన్ని ఆడపువ్వు మధ్యలో, మూడు పాయలుగా ఉండే కీలాగ్రం మీద మెల్లిగా తిప్పుతూ రుద్దండి. మూడు పాయలకీ తగలాలి, ఒక పక్కే తగిలితే కాయ వంకరపోవచ్చు. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపువ్వులకి సరిపోతుంది. కొద్ది రోజుల్లో పిందె ముడుచుకోకుండా నిగారింపుతో కిందికి వంగితే పని అయినట్టే.

బీరపువ్వు, పొట్లపువ్వు కూడా సాయంత్రప్పువ్వులే. గుమ్మడి, దోస, కాకర పొద్దున్నే విచ్చుకుంటాయి, వాటికి తేనెటీగలు దిక్కు. ఈ లోపు మీరు నత్రజని ఎరువు వేసి ఉంటే ఆపేయండి. ఆకు పెరుగుతుంది, తీగ పెరుగుతుంది, పందిరి చూసి చుట్టాలు మెచ్చుకుంటారు, కాయ మాత్రం ఉండదు.

ప్రశ్న: టమాటా కాయలకి అడుగున నల్లటి మచ్చ వచ్చి కుళ్లిపోతున్నాయి. కాల్షియం లోపమని గుడ్డు పెంకులు వేశాను, అరటి తొక్కలు నానబెట్టిన నీళ్లు కూడా పోస్తున్నాను. తగ్గలేదు.

జవాబు: కాల్షియం లోపం కాయలో ఉంది, మట్టిలో ఉండకపోవచ్చు. కాల్షియం నీటితోపాటే వేరు నుంచి పైకి ఎక్కుతుంది. ఆకులు నీళ్లు ఎక్కువగా లాగుతాయి కాబట్టి దాన్నీ అవే పట్టుకుపోతాయి, కాయ అడుగుకి అందేది చివర్లో. ఒక రోజు కుండీ ఎండబెట్టి మర్నాడు వరద పారిస్తే ఆ కాస్తా అందదు. మచ్చ పడిన కాయలు తెంపేయండి, అవి బాగుపడవు. మట్టి మీద రెండంగుళాల మందాన ఎండుటాకులు కప్పి, వేలు రెండు కణుపులు లోపలికి దించి తడి చూసి, రోజూ ఒకే వేళకి నీళ్లు పెట్టండి. కొత్త కాయలు శుభ్రంగా వస్తాయి.

గుడ్డు పెంకులు కరగడానికి చాలా కాలం పడుతుంది, ఈ పంటకి అందవు. మెత్తగా పొడిచేసి కంపోస్టులో వేయండి. అరటి తొక్కలూ అక్కడికే. నానబెట్టిన నీళ్లలోకి దిగేది కాస్త పొటాషియం, అంతకంటే బాగా దిగేవి దోమలు.

ప్రశ్న: చిక్కుడు, మిరప చిగుళ్ల నిండా పేనుబంక. ప్రతి వారం ఆర్గానిక్ మందు కొడుతున్నాను. రెండు రోజులు తగ్గి మళ్లీ వస్తోంది. ఇంకా ఘాటైనది ఏదైనా ఉందా? పొగాకు కషాయం బాగా పనిచేస్తుందని ఒకరు చెప్పారు.

జవాబు: ముందు పొగాకు సంగతి తేల్చేద్దాం. వద్దు. పొగాకులోని నికోటిన్ తేనెటీగలకీ విషమే, మీకూ విషమే, చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. మొక్క నుంచి వచ్చినంత మాత్రాన ఏదీ మంచిదైపోదు. తినే మొక్కల మీద, ఇంట్లో పిల్లలు తిరిగే చోట దాని మాటే తలపెట్టకండి.

ఇప్పుడు భూతద్దం తీసుకుని చిగురు కింది ఆకు తిప్పండి. పేనుబంక గుంపు మధ్యలో ఏమేం ఉన్నాయో చూడండి. కొన్ని పేన్లు ఉబ్బి, గోధుమ రంగుకి తిరిగి, కదలకుండా ఉంటాయి. ఒక్కోదాని వీపున గుండ్రటి చిల్లు కూడా ఉంటుంది. అవి చచ్చినవి. కంటికి ఆనని కందిరీగ ఒకటి వాటిలో గుడ్డు పెడితే, పిల్ల లోపలంతా తినేసి ఆ చిల్లులోంచి బయటికి వెళ్లింది. పక్కనే నల్లగా, పొడుగ్గా, నారింజ మచ్చలతో గబగబా నడిచే పురుగు కనిపిస్తే దాన్ని నలపకండి. అది అక్షింతల పురుగు పిల్ల. పెద్దదాన్ని చూసి ముచ్చటపడేవాళ్లే పిల్లని చూసి చెప్పు తీస్తారు. రోజుకి పదుల సంఖ్యలో పేన్లని తింటుంది పాపం. సన్నటి దారప్పోగు కొసన తెల్ల గుడ్డు వేలాడుతుంటే అది లేస్‌వింగ్ అనే పురుగుది, అదీ మన పక్షమే.

మీ ఆర్గానిక్ మందు వీటిని కూడా తుడిచేస్తోంది. పేనుబంకకి జతకట్టే పని లేదు, గుడ్డు పెట్టే పని లేదు. తల్లి నేరుగా పిల్లల్ని కంటుంది, ఆ పిల్లలు వారం పది రోజుల్లో తల్లులవుతాయి. దాన్ని తినే పురుగులకి అంత వేగం లేదు. రెండింటినీ చంపితే ముందు లేచేది పేనుబంకే. మీరు ప్రతి వారం చేస్తున్నది దాని శత్రువుల్ని ఏరివేయడం.

ఈ వారం మందు ఆపి ఇలా చేయండి. పొద్దున్నే ఆకు అడుగుకి తగిలేలా పైపు నీళ్లు గట్టిగా కొట్టండి, కింద పడ్డ పేన్లలో చాలావరకు మళ్లీ ఎక్కలేవు. బాగా పట్టిన కొస చిగురు గిల్లేయండి. చీమలు బారులు తీరి కాండం ఎక్కుతుంటే వాటి దారి ఆపాలి. పేనుబంక వదిలే తీపి ద్రవం కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి. కుండీని నీళ్లు పోసిన పళ్లెంలో ఇటుక మీద నిలబెడితే చాలు, ఆ నీళ్లు రోజూ మారిస్తే దోమలు చేరవు. ఇవన్నీ అయ్యాక కూడా తగ్గకపోతేనే వేపనూనె: లీటరు నీళ్లకి 5 మి.లీ., కలవడానికి కొద్ది చుక్కలు సబ్బు ద్రవం. ముందు ఒక ఆకు మీద చల్లి మర్నాటిదాకా ఆగండి. మాడకపోతే ఎండ దిగాక, తేనెటీగలు వెళ్లాక, పేనుబంక ఉన్నచోటే కొట్టండి. మొక్కంతా స్నానం చేయించకండి.

ఒక తిరకాసు ఉంది. వంగ ఆకుల్ని జల్లెడగా గీకి తినే పురుగుని కూడా మనవాళ్లు అక్షింతల పురుగనే పిలుస్తారు. దాని పిల్ల పసుపు రంగులో, ఒళ్లంతా ముళ్లతో, మెల్లగా కదులుతుంది. అది కనిపిస్తే నిక్షేపంగా ఏరి సబ్బునీళ్లలో వేయొచ్చు. వంగలోనే కొమ్మ కొస ఒక్కటి వాలిపోయి మిగతాది బాగుంటే లోపల తొలుచుపురుగు ఉన్నట్టు. వాలినచోటికి అంగుళం కిందకి కత్తిరించి, ఆ ముక్కని చీల్చి పురుగుని చంపండి. పక్కన పారేస్తే మళ్లీ బయటికొస్తుంది.

ప్రశ్న: వాషింగ్ మెషిన్ నీళ్లు మొక్కలకి పోయొచ్చా?

జవాబు: కూరగాయలకి వద్దు. డిటర్జెంటులోని సోడియం మట్టిని బిగుసుకుపోయేలా చేస్తుంది, బట్టల మురికితో క్రిములూ వస్తాయి. కూరగాయలు కడిగిన నీళ్లు హాయిగా పోయండి. నీళ్లు నిజంగా మిగలాలంటే వాన నీళ్లు పట్టండి. చదరపు మీటరు కప్పు మీద 1 మి.మీ. వాన పడితే 1 లీటరు. 50 చదరపు మీటర్ల డాబా మీద 10 మి.మీ. కురిస్తే 500 లీటర్లు, కారిపోయింది, ఇగిరింది తీసేసినా డ్రమ్ములు చాలవు. మొదటి వాన దుమ్ము కడగడానికి వదిలేయండి, డ్రమ్ము మీద దోమతెర కట్టండి.

ప్రశ్న: వంగ మొక్క పీకితే వేళ్లకి బొడిపెలు. నులిపురుగులట. బంతి మొక్కలు నాటితే పోతాయని చదివి మడికి నాలుగు మూలలా నాలుగు పెట్టాను. సరిపోతాయా?

జవాబు: సరిపోవు. బంతి వేళ్ల నుంచి వచ్చే పదార్థం మట్టిలో ఉండే, కంటికి ఆనని ఈ నులిపురుగులకి పడదన్నది నిజమే. కానీ దాని ప్రభావం ఆ వేళ్లు పాకినంత మేరకే. మడి అంతా బంతి ఒత్తుగా వేసి, రెండు మూడు నెలలు ఉంచి, తర్వాత అక్కడే మట్టిలో కలిపేస్తే ఫలితం కనిపిస్తుంది. మూలకొకటి పెడితే కంటికి ఇంపు, తేనెటీగలకి విందు. అదీ మంచిదే, కానీ మీ సమస్య వేరు.

బంతి తీశాక అక్కడ వంగ, టమాటా, మిరప, ఆలుగడ్డ పెట్టకండి. నాలుగూ ఒకే కుటుంబం, ఒకదాని రోగం ఇంకోదానికి వస్తుంది. బెండకీ ఈ పురుగు బాగా పడుతుంది. ముందు ఉల్లి, వెల్లుల్లి జాతి వేసి చూడండి. బొడిపెలున్న వేళ్లు కంపోస్టులో వేయొద్దు, ఆ మట్టి అంటిన పారని కడగకుండా పక్క మడిలో దించొద్దు.

చిక్కుడు, బొబ్బర వేళ్లకి కూడా బొడిపెలుంటాయి, వాటిని చూసి కంగారుపడి రాసినవాళ్లూ ఉన్నారు. తేడా తేలికే. రోగం బొడిపె వేరే ఉబ్బినట్టు ఉంటుంది, ఊడదు. చిక్కుడుది వేరు పక్కన అతుక్కుని ఉంటుంది, గోటితో గిల్లితే రాలుతుంది. చీల్చి చూడండి, లోపల గులాబి రంగుంటే అందులోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తున్నట్టు. కాపు అయ్యాక చిక్కుడు మొక్కని పీకకుండా మట్టి మట్టానికి కోసి, వేళ్లు అలాగే వదిలేయండి.

ప్రశ్న: పోయినసారి కొన్న టమాటా బాగా కాసింది. ఆ గింజలే దాచి వేస్తే కాయలు ఒక్కో మొక్కకి ఒక్కోలా వచ్చాయి. గింజలు పాడయ్యాయా?

జవాబు: గింజలు బాగానే ఉన్నాయి, అవి ఎఫ్1 హైబ్రిడ్. రెండు వేర్వేరు రకాల్ని సంకరం చేసి తెచ్చిన మొదటి తరం ఒకేలా ఉంటుంది. దాని పిల్లల్లో తాతల లక్షణాలు విడిపోయి తలా ఒకటి తీసుకుంటాయి. ప్యాకెట్ మీద ఎఫ్1 అని లేని రకాలు తెచ్చుకుంటే దాచుకోవచ్చు. టమాటా, చిక్కుడు జాతులు ఎక్కువగా తమలో తామే ఫలదీకరణం చేసుకుంటాయి కాబట్టి కొత్తవాళ్లకి అవి సులువు.

సొర, దోస, గుమ్మడి జాతుల్లో జాగ్రత్త. తేనెటీగో, రాత్రి తిరిగే పురుగో పక్కింటి పుప్పొడి తెస్తే ఈ ఏటి కాయలో ఏమీ తెలియదు, ఆ గింజ నుంచి వచ్చే ఏటి కాయలో తెలుస్తుంది. ఒక్కోసారి చేదు కాయలు వస్తాయి. నాటుగింజ అయినా, కొన్న గింజ అయినా, సొరకాయ కోయగానే చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూసే అలవాటు చేసుకోండి. చేదుంటే ఉమ్మేసి కాయ పారేయండి. ఆ చేదు కుకర్బిటసిన్ అనే విషం, ఉడికించినా పోదు, వాంతులు, విరేచనాలతో ఆస్పత్రి పాలు చేస్తుంది. పారేయడానికి చేతులు రాక చేదు కాయ తినేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

దాచేటప్పుడు గింజకి శత్రువులు తేమ, వేడి. గింజలో తేమ 1 శాతం తగ్గిస్తే దాని ఆయువు దాదాపు రెట్టింపవుతుందని విత్తనశాస్త్రంలో ఒక లెక్క ఉంది. నీడలో బాగా ఆరబెట్టి, గాలి చొరని సీసాలో పెట్టి, ఫ్రిజ్‌లో ఉంచండి. ఉల్లి గింజ ఏడాది రెండేళ్లకే నీరసిస్తుంది, టమాటా నాలుగేళ్లయినా మొలుస్తుంది. అనుమానముంటే 10 గింజలు తడిగుడ్డలో చుట్టి చూడండి, 5 మొలిస్తే రెట్టింపు చల్లండి.

ప్రశ్న: మొక్కలన్నీ బాగున్నాయి. కానీ ఒకేసారి బుట్టెడు వస్తుంది, తర్వాత నెలంతా ఏమీ ఉండదు. రోజూ కొంచెం వచ్చే మార్గం చెప్పండి.

జవాబు: విత్తనాల ప్యాకెట్ చించిన రోజే ఖాళీ చేస్తున్నారని నా అనుమానం. తోటకూర నెల రోజుల్లో, ముల్లంగి రకాన్ని బట్టి నెల, నెలన్నరలో చేతికొస్తాయి. కాబట్టి పది, పదిహేను రోజులకోసారి ఒక చిన్న చాలు చొప్పున వేయండి. తోటకూర పీకకుండా రెండు మూడు కణుపులు వదిలి కోస్తే మళ్లీ చిగుర్లేస్తుంది. బెండ పువ్వు విచ్చిన 5, 6 రోజులకి కోతకొస్తుంది, రోజు విడిచి రోజు కోయాల్సిందే. తీగల్ని పైకి ఎక్కించి కింద చోటు మిగుల్చుకోండి, పందిరి నీడ మిగతా మొక్కల మీద పడని వైపు చూసుకుని.

ప్రశ్న: రెండు వారాలు ఊళ్లో ఉండం. డ్రిప్ కిట్ కొనాలా?

జవాబు: టైమర్‌తో సహా కొని, బిగించిన మర్నాడే ఊరెళ్తే ఏ గొట్టం ఎక్కడ ఊడిందో చూసేవాళ్లుండరు. నేలలో మడులైతే పూత లేని మట్టికుండ మెడదాకా పాతి, నీళ్లు నింపి మూత పెట్టండి. కుండ గోడలోంచి తేమ మెల్లిగా వేళ్లకి చేరుతుంది, చుట్టూ మట్టి ఎండేకొద్దీ ఎక్కువ లాగుతుంది. రెండు వేల ఏళ్ల కిందటే చైనాలో ఈ పద్ధతి రాసిపెట్టారు. అడుగున చిల్లుంటే ముందు మూసేయండి. వెళ్లడానికి వారం ముందే పాతితే ఎన్ని రోజులకి ఖాళీ అవుతుందో మీకే తెలుస్తుంది. చిన్న కుండీలకి మాత్రం కుండ సాయం చాలదు. అన్నిటినీ నీడకి చేర్చి, దగ్గర దగ్గరగా పెట్టి, మట్టి కనబడకుండా ఎండుటాకులు కప్పండి. పక్కింటివాళ్లకి తాళం ఇచ్చి రోజు విడిచి రోజు నీళ్లు పోయమనండి, కాసినవన్నీ వాళ్లనే కోసుకోమనండి. మొహమాటానికి చెట్టునే వదిలేయొద్దని గట్టిగా చెప్పండి. బెండ, దోస కాయ ఒకటి ముదిరిపోయినా మొక్క కొత్త పిందె వేయడం తగ్గించేస్తుంది, మీరు తిరిగొచ్చేసరికి కాపు మందగిస్తుంది.